ఆయప్పకు కుక్క లేదు

కొత్తగా పశువైద్యులుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు ప్రొద్దుటూరులో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతారు, బదిలీల గురించి అడుగుతారు, వెళ్ళేముందు గడప దగ్గర చెప్పులేసుకుంటూ అసలు సంగతి బయటపెడతారు. ఈ ఉద్యోగంలో ఏమైనా తృప్తి ఉందా, బతుకంతా గొడ్ల వెంట తిరిగినందుకు చివరికి ఏం మిగిలింది అని అడుగుతారు. ఆ మాట కూర్చున్నప్పుడే అడిగుంటే ఇంకో కాఫీ పెట్టించేవాణ్ణి. చెప్పులేసుకున్నవాడికి చెప్పే జవాబు కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ప్రమోషన్ల గురించీ ఫైళ్ళ గురించీ రాయను. అవి అందరికీ వస్తాయి, అందరికీ పోతాయి. జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు, ఈ మూడూళ్ళ మధ్యే నా సర్వీసంతా గడిచింది. అందులో ఒక పల్లె గురించి, ఒక మనిషి గురించి చెబితే చాలనిపిస్తోంది. ఆ పల్లె పేరు చెప్పను. చెబితే రెండు వీధుల వాళ్ళూ వచ్చి, మా వీధి గురించి తక్కువ రాసినావేంది సార్ అంటారు.

గొడ్ల డాక్టరు

నేను ఈ చదువు కోరుకుని చదవలేదు. మనుషుల డాక్టరు కావాలనుకున్నాను, సీటు రాలేదు. మా అమ్మ ఇరుగుపొరుగు వాళ్ళకి "మావాడు డాక్టరు చదువుతాండాడు" అని అక్కడితో ఆపేసేది. ఎవరైనా ఇంకా లోతుకు పోయి అడిగితే పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లోపలికి వెళ్ళిపోయేది. మొదటి అయిదారేళ్ళు నేనూ అట్లాగే బతికాను. బస్సులో పక్కవాడు ఏం పని అని అడిగితే, గవర్నమెంటు డాక్టరునని చెప్పి కిటికీలోంచి బయటికి చూసేవాణ్ణి.

కాబట్టి, బతుక్కి అర్థం వెతుక్కునే జబ్బు మీకు కొత్తగా వచ్చిందనుకోకండి. నాకు మీకంటే ముందే తగులుకుంది.

జమ్మలమడుగు వైపు ఆ పల్లెకు నన్ను వేసినప్పుడు ఫ్యాక్షన్ బాగా ముదిరి ఉంది. ఊళ్ళో రెండు వీధులు, ఎగువన మీది వీధి, దిగువన కింది వీధి. ఒక్కో వీధికి ఒక్కో పెద్దాయన, ఒక్కో పార్టీ. ఆసుపత్రి రెండింటి నడుమ ఉండేది. పొద్దున పన్నెండు దాకా మీది వీధి గొడ్లు వచ్చేవి, ఆ తర్వాత కింది వీధివి. ఏ సర్కారు జీవోలోనూ లేని పద్ధతి. కింది వీధి బర్రెకు పొద్దున్నే కడుపు ఉబ్బినా, పన్నెండయ్యేదాకా ఉబ్బరంతో కట్టుకొయ్య దగ్గరే ఉండాల్సిందే.

ఇవన్నీ నాకు నేర్పింది మా కాంపౌండరు దేవసహాయం. మిషన్ కాలంలో కిరస్తానం పుచ్చుకున్న కుటుంబం. నాకంటే పదేళ్ళు పెద్దవాడు. ఎవరి బర్రె ఎన్నో ఈతలో ఉందో, ఎవరి ఎద్దు ఎప్పుడు కుంటిందో ఆయనకు కంఠతా వచ్చు. నేను చదువుకున్నది ఆయన ముందు దండగ అని మొదటి వారంలోనే తెలిసిపోయింది. ఒప్పుకోవడానికి మాత్రం రెండేళ్ళు పట్టింది.

ఒక గ్లాసు మజ్జిగ

చేరిన నెలలోనే పెద్ద తప్పు చేశాను. మీది వీధి పెద్దాయన ఇంట్లో ఆవు ఈని మాయ వేయలేదని పిలిస్తే వెళ్ళాను. ఎండాకాలం, గంటన్నర పని. చేతులు కడుక్కున్నాక ఆ ఇంటావిడ మజ్జిగ ఇచ్చింది. అరుగు మీద కూర్చుని తాగాను. మా ప్రొద్దుటూరులో మజ్జిగంటే మజ్జిగే. ఆ ఊళ్ళో కాదు. అరుగు మీద కూర్చుని ఎవరింటి మజ్జిగ తాగితే వాళ్ళ మనిషి కిందే లెక్క.

ఆ మధ్యాహ్నం నుంచి కింది వీధి గొడ్డు ఒక్కటీ ఆసుపత్రికి రాలేదు. జబ్బులు తగ్గాయేమోనని నేను సంతోషపడ్డాను. నెల దాటాక, కింది వీధిలో ఒక బర్రె, కడుపులో దూడ అడ్డం తిరిగి, మూడు రోజులు నొప్పులు పడి చచ్చిపోయిందని తెలిసింది. ఆసుపత్రికీ ఆ ఇంటికీ మధ్య రెండొందల గజాలు కూడా లేవు. నన్ను పిలవలేదు. పొలంలో ఆ కళేబరాన్ని పోయి చూశాను. చేయి పెట్టి దూడను సరిచేస్తే పావుగంట పని.

మా పై అధికారి ఏడీగారు పులివెందుల మనిషి, నోటి దురుసు, మనసు వెన్న. ఆయన ముందు నిలబడి గొడ్డుకు పార్టీ ఏముంటుంది సార్ అని నా నిజాయితీ వెళ్ళబోసుకున్నాను. ఆయన విని, "గొడ్డుకు ల్యా నాయనా. దాని మెడలో తాడు పట్టుకున్నోనికి ఉండాది. నువ్వు తాడును సూడకుండా గొడ్డును సూస్తాండావు" అన్నాడు. నా సర్వీసులో నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒకెత్తు, ఆ మాట ఒకెత్తు.

ఆ రోజు నుంచి నా నీళ్ళ సీసా నేనే మోసుకున్నాను. కింది వీధి వాళ్ళు మళ్ళీ రావడానికి ఆరు నెలలు పట్టింది. మీరు కూడా ఏ ఊరికి పోయినా ముందు మందులు కాదు, మజ్జిగ సంగతి కనుక్కోండి.

రాజీ తర్వాత

ఇక ఓబులేసు సంగతి.

ఓబులేసు మీది వీధి పెద్దాయనకు ముందు నడిచే మనిషి. పెద్దాయన ఇంట్లోంచి కాలు బయటపెడితే పది అడుగులు ముందు ఓబులేసు ఉండాలి. జీపులో ముందు సీటు అతనిదే. పుట్టింది గొర్రెలు కాచే ఇంట్లో. వయసొచ్చాక తండ్రి మందను అమ్మేసి పెద్దాయన వెంట వచ్చేశాడు. ఇరవై రెండేళ్ళు అదే పని. పెళ్ళి చేసుకోలేదు. రేపు ఉంటామో లేదో తెలియనప్పుడు ఒక ఆడమనిషి బతుకు ఎందుకు పాడు చేయడం అన్నది అతని లెక్క. కొట్టుకున్న రోజుల్లో కింది వీధిలో నాగమ్మ అనే ఆమె భర్త చనిపోయాడు. ఆ కేసులో ఓబులేసు ముద్దాయి. సాక్షులు నిలబడక కేసు కొట్టేశారు. నిజమేమిటో నేను ఎప్పుడూ అడగలేదు.

నేను రెండోసారి ఆ ఊరికి బదిలీ మీద వచ్చేసరికి రాజీ అయిపోయింది. ఇద్దరు పెద్దాయనలూ ఒకే పార్టీలో చేరి, జమ్మలమడుగులో ఒకే సోఫాలో కూర్చుని ఫోటో దిగారు. వీధుల్లో వాళ్ళకు ఆ సంగతి పేపర్లో చూసేదాకా తెలియదు. తర్వాత మీది వీధి పెద్దాయన కాంట్రాక్టులు చూసుకోవడానికి పట్నం చేరుకున్నాడు. పోతూ ఓబులేసును పిలిచి, ఇంకేం భయం లేదప్పా, ఇంటికి పోయి హాయిగా ఉండు అన్నాడట.

ఓబులేసుకు ఇల్లంటే నాలుగు గోడలు. హాయి అంటే ఏమిటో అలవాటు లేదు. పొద్దున్నే లేచి తయారై, ఎవరి ముందు నడవాలో తెలియక మా ఆసుపత్రికి వచ్చేవాడు. వరండాలో స్తంభానికి ఆనుకుని, దారి కనిపించేలా కూర్చునేవాడు. ఏ గొడ్డు వచ్చినా ముందు దాన్ని కాదు, దాన్ని తోలుకొచ్చిన మనిషి చేతులు చూసేవాడు. అంత అలవాటు. దేవసహాయం టీ తెప్పిస్తే తాగేవాడు. సాయంత్రం తలుపులు వేస్తుంటే, లేవడానికి ఇష్టంలేనట్టు లేచేవాడు. అతని మీద నాకు మెల్లగా ఇష్టం కలిగింది. అతనితో కలిసి ఊరకే కూర్చోవడం బాగుండేది.

కుక్క

ఒకరోజు పిచ్చెక్కిన కుక్కను ఒకదాన్ని తీసుకొస్తే నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేశాను. ఓబులేసు చూస్తూ ఉన్నాడు. వాళ్ళు వెళ్ళాక దగ్గరికొచ్చి, "ఆ సూదికి నొప్పి పుడతాదా సారూ?" అని అడిగాడు.

నాకు ఎవరైనా వైద్యం గురించి అడిగితే ప్రాణం లేచొస్తుంది. నొప్పి ఉండదనీ, అది ఎట్లా పనిచేస్తుందో కూడా పాఠం చెప్పినట్టు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. ఇతనికి చదువు అబ్బి ఉంటే బాగుండేదని అనుకున్నాను కూడా.

అతను వెళ్ళిపోయాక దేవసహాయం సిరంజిలు ఉడకబెడుతూ నా వైపు చూడకుండా అన్నాడు. "సార్, ఆయప్పకు కుక్క లేదు."

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక బల్ల మీదున్న ఆ మందు సీసా తీసి బీరువాలో పెట్టాను. దేవసహాయం మందుల బీరువాకు తాళం వేసి, తాళంచెవి తన మొలతాడుకు కట్టుకున్నాడు. ఆ రోజు నుంచి అది నాకు కూడా ఇవ్వలేదు. నేను అడిగితే వచ్చి తీసేవాడు.

పిల్లలూ, నేను చేసిన తప్పుల్లో ఇది మజ్జిగ కంటే పెద్దది. ప్రశ్న విన్నాను, మనిషిని వినలేదు. మనకు గొడ్లతో అలవాటు. గొడ్డు నోరు లేనిది కాబట్టి దాన్ని కళ్ళతో చూసి, చేత్తో తడిమి కనుక్కుంటాం. నోరున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి మాటను నమ్మి ఊరుకుంటాం.

మేము చేసిన వైద్యాలు

మరునాడే ఓబులేసును కూర్చోబెట్టి సూటిగా అడిగాను. దాచలేదు. "ఇరవై రెండేండ్లు ఒగాయప్ప బతకాలని బతికినా సారూ. ఇప్పుడు ఆయప్పకు నాతో పని ల్యా. నాతో నాకు ఎప్పుడూ పని ల్యా. ఇంక దేనికి?" అన్నాడు. ఏడవలేదు. రేషన్ షాపు మూసేశారని చెప్పినట్టు చెప్పాడు.

ఇక నేను వైద్యం మొదలుపెట్టాను. రోజూ ఒక ఉపన్యాసం. జీవితం ఎంత విలువైనదో, ప్రతి ప్రాణికీ ఒక పని ఎట్లా ఉంటుందో చెప్పాను. అతను మర్యాదగా విని, "మీకు గొంతు ఎండిపోతాంది, నీళ్ళు తాగండి" అనేవాడు.

ఉపన్యాసాలు పనిచేయక కొండ మీద ఉండే ఒక స్వామి దగ్గరికి తీసుకుపోయాను. స్వామి మంచివాడే. కళ్ళు మూసుకుని, నేనెవరు అని రోజూ ప్రశ్నించుకో నాయనా అన్నాడు. ఓబులేసు చేతులు కట్టుకుని, తానెవరో జమ్మలమడుగు పోలీసులందరికీ తెలుసునని, ఆ సంగతికి స్వామిని శ్రమపెట్టాల్సిన పని లేదని వినయంగా చెప్పాడు. స్వామి నవ్వాపుకోలేక పక్కకు తిరిగాడు.

దేవసహాయం ఒక ఆదివారం చర్చికి తీసుకుపోయాడు. ఓబులేసు వెనక వరుసలో, తలుపు కనిపించేలా కూర్చున్నాడట. పాస్టరు ప్రార్థన మొదలుపెడితే అందరూ కళ్ళు మూసుకున్నారు, ఇతను తప్ప. బయటికొచ్చాక దేవసహాయం అడిగితే, "అందరూ కండ్లు మూసుకునిరి గదన్నా. ఒగడన్నా సూస్తాండల్ల గదా" అన్నాడట. ఆ మాట చెబుతూ దేవసహాయం నవ్వాడు, వెంటనే కళ్ళు తుడుచుకున్నాడు. అంత పెద్ద మనిషి కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది అదొక్కసారే.

మొత్తానికి ఏ మందూ పనిచేయలేదు. ఓబులేసు నానాటికీ చిక్కిపోతున్నాడు. అతను ఒక గంట ఆలస్యంగా వస్తే చాలు, దేవసహాయం సైకిలెక్కి వాళ్ళింటి వైపు పోయేవాడు.

కింది వీధి

ఆ ఏడాది వానలు ముందుగా వచ్చేలా ఉన్నాయి. తొలి వానకు మొలిచే లేత గడ్డి మేసిందంటే గొర్రెకు చిటుకు రోగం తగులుతుంది. సాయంత్రం గంతులేసిన గొర్రె పొద్దునకల్లా చచ్చి పడి ఉంటుంది. వైద్యం లేదు, వానకు ముందే టీకా వేసుకోవడమే. ఆ రోజు టీకా మందు ఐసు పెట్టెలో వచ్చింది. ఆకాశం నల్లబడి ఉంది. మీది వీధి మందలకు ముందు వారమే వేశాం. మిగిలింది కింది వీధిలో నాగమ్మ మంద.

మొగుడు పోయాక ఆ మందే ఆమెకు ఆధారం. గొర్రెలు కాచే మరిది జ్వరంతో పడిపోయాడు. దేవసహాయానికి నడుం పట్టేసి వంగలేకపోతున్నాడు. ఎనభై గొర్రెలను ఒక్కొక్కటీ వెనక కాలు పట్టి లాగి, మోకాళ్ళ మధ్య ఇరికించి నిలబెట్టేవాడు లేకుండా టీకా వేయడం అయ్యే పని కాదు. వరండాలో ఓబులేసు కనిపించాడు. గొర్రెల ఇంట్లో పుట్టినవాడు. నాకు బుర్రలో దీపం వెలిగినట్టయింది. ఇతనికి పని లేదు, ఆమెకు మనిషి లేడు, రాజీ ఎటూ అయిపోయింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

వస్తావా అని అడిగాను. యాడికి అన్నాడు. కింది వీధికి, నాగమ్మ మందకు అన్నాను.

లేచి దారి వైపు చూశాడు. తర్వాత ఇంటికి పోయి వస్తానన్నాడు. స్నానం చేసి, ఉతికిన తెల్లపంచె కట్టుకుని వచ్చాడు. గొర్రెలు పట్టడానికి పెళ్ళికొడుకు వేషమేమిటని ఎగతాళి చేశాను. నవ్వలేదు. దేవసహాయం మాత్రం నన్ను ఒక చూపు చూశాడు, నడుం పట్టుకుని మా వెంటే నడిచాడు.

ఓబులేసు ఆ వీధిలో కాలు పెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. అరుగుల మీద కూర్చున్న మగవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. మాకు ముందు పది అడుగుల దూరంలో ఓబులేసు నడుస్తున్నాడు, చేతులు రెండూ కనిపించేలా పక్కలకు వదిలేసి. నేను ఎంత తెలివితక్కువ పని చేశానో అప్పుడు తెలిసింది. వెనక్కి పోదామని అనేలోపే నాగమ్మ దొడ్డి వచ్చేసింది.

దొడ్డి దగ్గర నాగమ్మ నిలబడి ఉంది. ఓబులేసును చూసింది. ఆ చూపు ఎంతసేపు ఉందో నేను చెప్పలేను. మా వెనకాల కొందరు మగవాళ్ళు దగ్గరికి వచ్చేశారు. ఒకడి చేతిలో కొడవలి ఉంది. ఓబులేసు తలవంచుకుని నిలబడ్డాడు, కదల్లేదు.

నాగమ్మ మబ్బుల వైపు చూసింది. తర్వాత దొడ్లోకి వంగి ఒక గొర్రెను చెవి పట్టుకుని లాక్కొచ్చి ఓబులేసు ముందుకు తోసింది. "పట్టుకో. వాన వస్తాంది" అంది.

వెనకాల ఉన్నవాళ్ళతో, ఇది నా మంద, అడ్డం తొలగండి అని మాత్రం చెప్పింది. వాళ్ళు పక్కకు తప్పుకున్నారు. ఓబులేసు వంగి గొర్రె కాలు పట్టుకున్నాడు. మొదటిదానికి కొంచెం తడబడ్డాడు, నాలుగోదానికల్లా చేతులకు పాత విద్య తిరిగొచ్చింది. నేను సూది వేస్తున్నాను, నాగమ్మ టీకా పడినదానికి జాజు రంగుతో బొట్టు పెట్టి అవతలికి తోలుతోంది. చివరి పది గొర్రెలు వానలోనే అయ్యాయి. తెల్లపంచె అంతా పేడ, ఎర్రమన్ను.

పోయేటప్పుడు నాగమ్మ నాకు చెబుతున్నట్టుగా, మరిదికి జ్వరం తగ్గేలా లేదు, రేపు మందను మళ్ళేసి మేపే మనిషి కావాలి అంది. మరునాడు ఓబులేసు ఆసుపత్రికి రాలేదు. దేవసహాయం నడుం నొప్పితోనే సైకిలెక్కి పోతూ, దారిలో మంద వెంట అతన్ని చూసి దిగిపోయాడు.

క్షమించానని ఆమె అనలేదు. అతను అడగలేదు. ఆ సంగతి వాళ్ళిద్దరిది. తర్వాత ఆ మండలంలో ఎక్కడ టీకాలు వేసినా గొర్రెలు పట్టడానికి ఓబులేసే కావాలనేవారు. ఐసు పెట్టె భుజాన వేసుకుని వీధి భేదం లేకుండా తిరిగేవాడు. ఎవరింట్లో మజ్జిగ ఇచ్చినా తాగేవాడు, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు.

నాకు తెలిసింది

ఈ కథను నేను ఎన్నో ట్రైనింగుల్లో చెప్పాను. ఒక మనిషి బతుక్కి నేను ఎట్లా దారి చూపించానో, పని అనే మందు ఎంత గొప్పదో వర్ణించి చెప్పేవాణ్ణి. చప్పట్లు కొట్టేవారు. ఇంటికొచ్చి, సీటు రాకపోతేనేం, నేనూ ఒక మనిషి ప్రాణం కాపాడాను కదా అనుకునేవాణ్ణి. గొడ్ల డాక్టరునని బస్సుల్లో గట్టిగా చెప్పే ధైర్యం వచ్చింది కూడా ఆ తర్వాతే.

నేను రిటైరయ్యాక ఓబులేసు కంటి ఆపరేషనుకు ప్రొద్దుటూరు వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని మా ఇంట్లో వారం రోజులున్నాడు. దేవసహాయం అప్పటికే లేడు. ఇద్దరం ఆయన్ని తలుచుకుని కాసేపు దిగులుపడ్డాం. ఆ మాటల్లో నేను గర్వంగానే అడిగాను. ఆ రోజు నేను పిలవగానే కింది వీధికి ఎట్లా ధైర్యం చేశావు, పని దొరికిందనే కదా అన్నాను.

ఓబులేసు టీ గ్లాసు కింద పెట్టాడు.

"పనికి కాదు సారూ. ఆ వీధిలోకి పోతే వాండ్లే సంపుతారు, నా అంతట నేను సావాల్సిన పని ల్యా అనుకుని వచ్చినా. ఆయమ్మ చేతిలో పోతే ఇంకా మేలు అనుకుంటి."

ఇన్నేళ్ళు నేను చెప్పుకున్న కథ, కొట్టించుకున్న చప్పట్లు అన్నీ గుర్తొచ్చి సిగ్గుతో తలవంచుకున్నాను. ఆ మనిషిని చావుకు నడిపించుకుంటూ పోయి, దాన్ని వైద్యం అనుకున్నాను. మరి చావకుండా ఎందుకు ఆగిపోయావు ఓబులేసా అని అడిగాను.

"ఆయమ్మ గొర్రెను తోసె గదా. దాన్ని మోకాళ్ళ నడుమ పట్టుకుంటే వణుకుతాండె సారూ. పాపం, అది వణికేది నిలిసేదాకన్నా ఉండామని అనుకుంటి. నిలిసె. అంతలోకి ఆయమ్మ ఇంగోదాన్ని తోసె."